రాలే బొచ్చు, రాని బొచ్చు

సోఫా మీద గుప్పెడు బొచ్చు కనబడగానే గుండెలు బాదుకునేవాళ్లు ఒక రకం. వీపు మీద అరచేతి మేర చర్మం నున్నగా తేలినా ‘సీజన్ కదా, అదే వస్తుందిలే’ అని ఊరుకునేవాళ్లు ఇంకో రకం. స్పిట్జ్ కుక్కలు పెంచేవాళ్లలో ఇద్దరూ కనబడతారు. తమాషా ఏమిటంటే, చాలాసార్లు మొదటివాళ్ల కుక్క నిక్షేపంగా ఉంటుంది. డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సింది రెండోవాళ్లు.

అందరి కళ్లూ రాలిన బొచ్చు మీదే ఉంటాయి. చూడాల్సింది అది రాలిన చోటు. పాతది ఊడి కొత్తది మొలుస్తుంటే, ఇల్లంతా దూదిపింజల్లా ఎగిరినా కుక్కకు ఏమీ కాలేదు. ఊడినచోట మొలవడం లేదంటే, నేల మీద ఒక్క వెంట్రుక కనబడకపోయినా ఏదో అయిందన్నమాట. ‘ఏ షాంపూ వాడాలి?’ అన్న ప్రశ్నకు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

నిద్రపోయే కుదుళ్లు

పొమేరియన్, జర్మన్ స్పిట్జ్, సమోయెడ్, కీస్‌హాండ్, చౌచౌ, హస్కీ, మలమ్యూట్, అకీటా, షీబా ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబం. నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి తిరిగిన తోక, ఒంటి మీద రెండు పొరల కోటు. పైన కనిపించేది పొడవాటి గరుకు వెంట్రుక, దాన్ని పైబొచ్చు అందాం. ఎండకూ వానకూ మొదట ఎదురు నిలిచేది అది. దాని అడుగున ఉన్ని లాంటి లోబొచ్చు ఉంటుంది. గాలిని పట్టి ఉంచి ఒంటి వేడిని కాపాడే పని దానిది. చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి ఒక లావు వెంట్రుక, దాని చుట్టూ చాలా సన్నవి గుత్తిగా బయటికొస్తాయి. పొమేరియన్ బంతిలా పొంగి కనిపించడానికి కారణం లోబొచ్చు పైబొచ్చును నిలబెట్టడమే. లోబొచ్చు పోతే కోటు కిందికి వాలిపోతుంది. పైబొచ్చు పోతే కుక్క పాత ఉన్ని బొమ్మలా తయారవుతుంది.

ప్రతి వెంట్రుకకూ ఒక చక్రం ఉంది. కొంతకాలం పెరుగుతుంది, ఆగుతుంది, కుదుట్లోనే ఉండి నిద్రపోతుంది, చివరికి ఊడి కొత్తదానికి చోటిస్తుంది. పూడుల్ వెంట్రుక మన తల వెంట్రుక లాంటిది, ఎక్కువకాలం పెరిగే దశలోనే ఉంటుంది. అందుకే దానికి నెలనెలా కత్తిరింపు తప్పదు. స్పిట్జ్ వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. ఒక పొడవు వచ్చాక వెంట్రుక పెరగడం మానేసి నెలల తరబడి అలాగే అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ సమయంలో చూసినా కుదుళ్లలో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటాయి. వెంట్రుక అంటే దాదాపు అంతా ప్రోటీనే కాబట్టి, చలిదేశపు కుక్కకు ఇది పొదుపైన ఏర్పాటు. ఒకసారి కష్టపడి కోటు అల్లుకుంటే చాలాకాలం తొడుక్కోవచ్చు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. నిద్రలో ఉన్నవన్నీ ఇంచుమించు ఒకేసారి మేల్కొంటాయి కాబట్టే బొచ్చు కుప్పలుగా ఊడుతుంది. ఈ మేల్కొలుపు వేడి కంటే ఎక్కువగా పగటి వెలుతురు పొడవు మీద ఆధారపడుతుంది. పగళ్లు పొడుగయ్యేటప్పుడు ఒకసారి, కురచయ్యేటప్పుడు ఇంకోసారి. రాత్రి పదింటిదాకా లైట్ల కింద గడిపే ఇంటి కుక్కకు ఈ లెక్క తప్పిపోయి, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటుంది. విసుగే గానీ జబ్బు కాదు.

జబ్బుగా పొరబడేవి మరికొన్ని ఉన్నాయి. నాలుగైదు నెలల పొమేరియన్ పిల్ల మెత్తటి పిల్లబొచ్చు వదిలేసి, ముఖం నక్కలా సన్నబడి, కాళ్లు బోసిగా మారి గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. బంతిలా ఉన్న పిల్లను ముచ్చటపడి తెచ్చుకున్నవాళ్లు ఈ దశలో ‘మమ్మల్ని మోసం చేశారు’ అని కూడా అంటుంటారు! పెద్ద కోటు పూర్తిగా నిండడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఈనిన ఆడకుక్క పిల్లలు పాలు మరిచే వేళకు దాదాపు బొచ్చంతా వదిలేస్తుంది. పెద్ద జ్వరం, ఆపరేషన్, తీవ్రమైన ఒత్తిడి వచ్చినా అంతే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. దెబ్బ తగిలిన రోజునే రాలదు, ఒకటి నుంచి మూడు నెలల తర్వాత రాలుతుంది. కాబట్టి ‘మొన్న మార్చిన తిండి పడలేదేమో’ అనుకునే ముందు కేలెండర్‌లో మూడు నెలలు వెనక్కి వెళ్లి చూడండి. అసలు దోషి అక్కడ దొరకొచ్చు.

మిషన్ పెట్టకముందు

కత్తెర పడిన సంగతి కుదురుకు తెలియదు. అది నిద్రలో ఉంది. పైన ఉన్న నాలుగంగుళాల వెంట్రుక అరంగుళమైందన్న కబురు దానికి అందదు. తన వంతు వచ్చినప్పుడే లేస్తుంది, అది ఆర్నెల్లో ఏడాదో. స్పిట్జ్ కుక్కకు మిషన్‌తో గొరిగించాక బొచ్చు రాకపోవడానికి మూలం ఇదే. పశువైద్యంలో దీన్ని పోస్ట్ క్లిప్పింగ్ అలొపీషియా అంటారు. మామూలుగా ఆరు నుంచి పన్నెండు నెలల్లో సర్దుకుంటుంది. రెండేళ్లు పట్టినవీ ఉన్నాయి. వచ్చేటప్పుడు కూడా ముందు లోబొచ్చు వచ్చి, రంగు తేలిపోయి, అతుకులేసినట్టు వస్తుంది.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, చేయించి తెలుసుకున్నాను. ఓ ఎండాకాలం మా పొమేరియన్ రొప్పడం చూడలేక గొరిగించేశాను. ‘నెలలో వచ్చేస్తుంది సార్’ అన్నాడు గ్రూమర్. పద్నాలుగు నెలలు పట్టింది. అతని మీద కోపం వచ్చిన మాట నిజమే, కానీ మిషన్ పెట్టమన్నది నేనే.

ఎండకు గొరగడం మంచిదా కాదా అన్నదాని మీద రెండువైపులా అతి ఉంది. కుక్క ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కొంచెం పడుతుంది, అసలు చల్లబడేది రొప్పడంతోనే. కాబట్టి మనం చొక్కా విప్పినట్టు దాని కోటు తీసేస్తే చల్లబడుతుందన్న లెక్క తప్పు. పైగా లేత చర్మం నేరుగా ఎండకు కమిలిపోతుంది. అలాగని కోటు ఉంటే ఎండ ఏమీ చేయదనడమూ తప్పే. ఎండలో పరిగెత్తించిన స్పిట్జ్‌కు కోటు బాగున్నా వడదెబ్బ తగులుతుంది. కావాల్సింది చచ్చిన లోబొచ్చు దువ్వి తీసేసిన కోటు, నీడ, నీళ్లు, వేళ చూసుకుని నడక. అరికాళ్ల మధ్య, మలద్వారం చుట్టూ, పాదాల అంచుల్లో కత్తెరతో సరిచేయడం వేరే విషయం, దానివల్ల నష్టం లేదు. ఆపరేషన్‌కో స్కానింగ్‌కో డాక్టరు గొరగాల్సి వస్తే అడ్డు చెప్పకండి. ఆ చదరం కొన్నాళ్లు బోడిగా ఉంటే ఉండనీ.

పాపిట తీసి దువ్వడం

రోజూ దువ్వుతున్నామంటారు. కుక్కను చేతుల్లోకి తీసుకుని చర్మం దాకా వేళ్లు పోనిస్తే, పైన పట్టులా ఉన్న కోటు అడుగున అట్టలు కట్టి ఉంటుంది. పైపైన దువ్వడం వల్ల వచ్చే తంటా ఇది. సరైన పద్ధతి జడ వేసేటప్పుడు పాపిట తీసినట్టే ఉంటుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఎడమచేత్తో బొచ్చును పైకి పట్టుకుని, కింద సన్నటి గీతలా చర్మం కనబడేలా ఒక్కో పొర వదులుతూ సన్నటి తీగముళ్లుండే స్లికర్ బ్రష్‌తో దువ్వుకుంటూ పైకి రావాలి. ఆఖర్న లోహపు దువ్వెన కుదురు నుంచి కొస దాకా ఎక్కడా ఆగకుండా వస్తే పని అయినట్టు. ఆగిందంటే అక్కడ చిక్కుంది. ఎండిన బొచ్చు తెగుతుంది, కొంచెం నీళ్లు చిలకరించి దువ్వండి. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక లాగు తొడుక్కున్నట్టుండే చోట, బెల్టు రాసుకునే మెడ దగ్గర మొదట అట్ట కడుతుంది. మెడ చుట్టూ వలయంలా బొచ్చు పలచబడితే ముందు బెల్టును అనుమానించాలి.

బొచ్చు రాలే కాలంలో అండర్‌కోట్ రేక్ (లోబొచ్చు తీసే పళ్ల దువ్వెన) వాడొచ్చు, మెత్తటి చేత్తో. ‘ఒక్కసారి గీస్తే కుప్ప’ అని చూపించే బ్లేడు రకం పనిముట్లు మాత్రం నాకు నచ్చవు. అవి చచ్చిన లోబొచ్చుతో పాటు బతికున్న పైబొచ్చునూ కోసేస్తాయి. అది తిరిగి రావడానికి ఎంతకాలమో పైన చెప్పుకున్నాం.

స్నానానికి ముందే చిక్కు తీయాలి. తడిస్తే అట్ట ఒత్తిన ఉన్నిగుడ్డలా బిగుసుకుపోతుంది. నెలకోసారి, నెలన్నరకోసారి స్నానం చాలు. మన షాంపూ వద్దు. మన చర్మం కొంచెం ఆమ్లగుణం ఉన్నది, పీహెచ్ సుమారు 5.5. కుక్కది తటస్థానికి దగ్గర. పైగా దాని పైచర్మం కణాల వరసలు మనకంటే బాగా తక్కువ. నురగ పోయాక కూడా ఇంకో రెండుసార్లు కడగండి, ఎందుకంటే లోబొచ్చు సబ్బును దాచిపెట్టుకుంటుంది. తర్వాత టవల్‌తో రుద్దకుండా అద్ది, చల్లగాలి డ్రయర్‌తో కుదుళ్ల దాకా ఆరబెట్టాలి. పైన ఆరిపోయి లోపల తడిగా ఉండిపోయిన కోటు కిందే రాత్రికి రాత్రి ఎర్రగా, రసి కారే పుండు లేస్తుంది. హాట్ స్పాట్ అనేది దాన్నే.

తిండి గురించి ఒక్క మాట. కుక్క శరీరం రోజువారీ ప్రోటీన్‌లో చెప్పుకోదగ్గ వాటా చర్మానికీ బొచ్చుకే పోతుంది. అరకొర ప్రోటీన్ తింటే కోటే ముందు చెబుతుంది. సమతుల ఆహారం తింటున్న కుక్కకు పైన బయోటిన్ మాత్రలు కుమ్మరించి లాభం లేదు. చేపనూనె పొడి చర్మానికి మేలు చేస్తుంది. నిద్రపోయే కుదురును మాత్రం లేపదు.

గోకుతోందా?

బోడి కనబడింది, తిరిగి మొలవడం లేదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: బొచ్చు తనంతట తాను ఊడిందా, కుక్క పీక్కుందా? బోడి అంచున మిగిలిన వెంట్రుకల కొసలు విరిగి, మొద్దుగా ఉంటే కుక్కే నాకి, కొరికి, గోకి పీకేసిందన్నమాట. రాత్రిళ్లు మనం పడుకున్నాక ఆ పని చేసే కుక్కలు చాలా ఉన్నాయి. కాబట్టి ‘మావాడు గోక్కోడండీ’ అన్న మాటను డాక్టర్లు సగమే నమ్ముతారు.

దురద ఉంటే ఆ చోటే సగం సమాధానం. నడుము చివర, తోక మొదట్లో ఉంటే ఫ్లీ అనే గెంతే పురుగు కాటు. ఎలర్జీ ఉన్న కుక్కకు నాలుగు కాట్లు చాలు, పురుగు కంటికి కనబడనక్కర్లేదు. పాదాలు, చంకలు, చెవులు, మూతి చుట్టూ అయితే ఎలర్జీ. చెవి అంచులూ మోచేతులూ పొట్టు రేగి, నిద్ర కూడా పట్టనంత దురదైతే గజ్జి పురుగు. ఇది ఇంట్లో మనుషులకూ అంటుకుంటుంది. గుండ్రంగా, అంచున పొలుసులతో, పెద్దగా దురద లేకుండా ఉంటే తామర. ఇదీ అంటుకునేదే, పిల్లలున్న ఇంట్లో ఆలస్యం పనికిరాదు. కుర్రకుక్క కళ్ల చుట్టూ, ముందు కాళ్ల మీద మచ్చల్లా పలచబడితే వెంట్రుక కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగు. ఇది అంటుకోదు.

వీటిని తేల్చే పరీక్షలు చిన్నవే. చర్మం గీకి, వెంట్రుకలు లాగి సూక్ష్మదర్శినిలో చూడటం, ఫంగస్ కల్చర్ (వెంట్రుక మీది ఫంగస్‌ను పెంచి చూడటం). వుడ్స్ లాంప్ అనే అతినీలలోహిత దీపం వెలుగులో మెరవలేదు కాబట్టి తామర కాదనడం కుదరదు, చాలా ఫంగస్‌లు ఆ వెలుగులో మెరవవు. ఈ పరీక్షలు లేకుండా చూడగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే రెండు వారాలు దురద తగ్గుతుంది. తామరో డెమోడెక్సో అయితే ఆ రెండు వారాల్లో చక్కగా పెరుగుతుంది కూడా.

దురద లేదు, రెండువైపులా ఒకేలా

ఇక మిగిలింది స్పిట్జ్ పెంచేవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టే రకం. కుక్క హాయిగా తింటుంది, ఆడుతుంది, గోకదు. బొచ్చు మాత్రం కుడీ ఎడమా అద్దంలో చూసినట్టు సమానంగా పోతుంది. ఇలా ఉంటే ఆలోచన హార్మోన్ల వైపు మళ్లాలి.

నడివయసు కుక్క బద్ధకించి, తిండి పెరగకుండానే లావెక్కి, తోక ఎలుక తోకలా తయారైతే థైరాయిడ్ హార్మోన్ తగ్గడం. తెగ నీళ్లు తాగి, తెగ ఉచ్చపోసి, పొట్ట వేలాడి, చర్మం కాగితంలా పలచబడితే కుషింగ్స్, అంటే ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు. మగకుక్క వృషణాల్లో ఒకటి కిందికి దిగకుండా పొట్టలోనే ఉండిపోయి, అందులో గడ్డ లేస్తే ఆడహార్మోన్ పెరిగి బొచ్చు ఊడుతుంది, చనుమొనలు ఉబ్బుతాయి. ఎవరికీ తట్టని కారణం ఇంకొకటి. ఇంట్లో ఎవరైనా చేతికి హార్మోన్ జెల్ రాసుకుని అదే చేత్తో కుక్కను ఎత్తుకుంటుంటే దానికీ ఇవే లక్షణాలు రావచ్చు. డాక్టరుతో చెప్పడానికి మొహమాటపడకండి.

థైరాయిడ్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. వేరే ఏ జబ్బున్నా రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ తగ్గి కనబడొచ్చు, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి మాత్రలు మొదలుపెట్టడం సరికాదు, థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ కూడా చూడాలి. ‘మాత్రలు వేశాక బొచ్చొచ్చింది కదా’ అనేదీ రుజువు కాదు. థైరాయిడ్ హార్మోన్ ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కూడా కుదుళ్లను కొంత తట్టి లేపగలదు.

ఇవన్నీ కాదని తేలాక మిగిలేది అలొపీషియా ఎక్స్. కారణం అంతుచిక్కలేదు కాబట్టే ఆ ఎక్స్. పేర్లకు మాత్రం కొదవ లేదు. పెరుగుదల హార్మోన్ ఇస్తే బొచ్చొచ్చిందని ఒక పేరు, విత్తులు తీస్తే వచ్చిందని ఇంకోటి, అడ్రినల్ గ్రంథి తేడా అని మరోటి, చర్మం నల్లబడుతుంది కాబట్టి బ్లాక్ స్కిన్ డిసీజ్ అని పెంపకందార్ల పేరు. ఎవరికి ఏ మందు పనిచేస్తే వాళ్లు ఆ పేరు పెట్టారు. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథే. నాకు సరిగ్గా తోచే పేరు ‘రోమచక్రం ఆగిపోవడం’. స్పిట్జ్ కుదురుకు నిద్ర సహజమని చెప్పుకున్నాం కదా, ఈ జబ్బులో ఆ నిద్ర తెల్లవారదు.

ఎక్కువగా ఒకటి నుంచి అయిదేళ్ల లోపు మొదలవుతుంది, మగవాటిలో ఎక్కువ. పొమేరియన్, చౌచౌ, కీస్‌హాండ్, సమోయెడ్, మలమ్యూట్‌లలో తరచు కనిపిస్తుంది. ముందు పైబొచ్చు పోయి కోటు ఉన్నిలా, పిల్లబొచ్చులా, రంగు వెలిసినట్టు ఉంటుంది. ‘మళ్లీ చిన్నపిల్లాడైపోయాడు’ అని మురిసిపోయే దశ ఇదే. తర్వాత తొడల వెనక, మెడ, తోక, చివరికి ఒళ్లంతా బోడి. తలా ముందు కాళ్లూ మాత్రం పెళ్లికొడుకులా నిండుగా ఉంటాయి. కొందరిలో చర్మం బొగ్గులా నల్లబడుతుంది. ఇందులో ఒక వింత ఉంది. బయాప్సీ కోసం ముక్క తీసినచోట, గీరుకుపోయినచోట గుప్పెడు బొచ్చు కుచ్చులా మొలుస్తుంది. నల్లటి వీపు మధ్య బొట్టు పెట్టినట్టు!

ఆ వింతలోంచే ఒక చికిత్స పుట్టింది. మత్తిచ్చి, సన్నటి సూదుల రోలర్‌తో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్. తోబుట్టువులైన రెండు పొమేరియన్‌లకు ఇలా చేస్తే బొచ్చు చాలావరకు వచ్చిందని 2015లో చర్మవైద్యులు రాశారు. రెండే కుక్కలన్నది మరిచిపోవద్దు, ఆ తర్వాత వచ్చినవీ చిన్న అనుభవాలే. విత్తులు తీయని మగకుక్కకు మొదట ఆ ఆపరేషనే చెబుతారు. కొన్నిటికి బొచ్చొస్తుంది, అందులో కొన్నిటికి ఒకట్రెండేళ్లకు మళ్లీ పోతుంది. ఆపరేషన్ వద్దనుకుంటే చర్మం కింద పెట్టే డెస్లొరెలిన్ అనే హార్మోన్ ఇంప్లాంట్ ఉంది. మెలటోనిన్ సాధువైన మందు, మూడు నెలలు ఓపిక పట్టాలి, కొన్నిటికే పనిచేస్తుంది. అయితే మనుషుల మెలటోనిన్ గమ్మీలలో, చప్పరించే మాత్రల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్కకు విషం. డాక్టరు చెప్పిన మాత్ర, చెప్పిన మోతాదు, అంతే. మినాక్సిడిల్ జోలికి అసలు పోవద్దు. మన బట్టతలకు రాసుకునే ఆ ద్రవం నాకితే కుక్క గుండె దెబ్బతింటుంది. అడ్రినల్ గ్రంథిని అణిచే ట్రైలోస్టేన్ లాంటి మందులతో కొన్ని కుక్కలకు బొచ్చు వచ్చిన మాట నిజం. కానీ బొచ్చు లేకపోవడం తప్ప వేరే బాధ లేని కుక్కకు ప్రాణం మీదికి తేగల మందు ఎందుకన్నది నా వాదన. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి అలాంటి కుక్కను ఈనించకపోవడం మాత్రం తప్పనిసరి.

స్పిట్జ్ బోడి అంతా ఎక్స్ కాదు. అకీటా, సమోయెడ్‌లలో వెంట్రుక మొదట్లో మైనంలా పొలుసులు అంటుకుని ఊడుతుంటే నూనెగ్రంథుల జబ్బు కావచ్చు. హస్కీ, మలమ్యూట్‌లకు కళ్ల చుట్టూ, మూతి చుట్టూ చెక్కులు కడితే జింక్ లోపం సంగతి చూడాలి. రెండిటికీ బయాప్సీతోనే నిర్ధారణ.

బోడి ఒంటికి ఎండలో పలచటి నూలు చొక్కా వేయండి, రాత్రి విప్పి చర్మాన్ని గాలి పీల్చనివ్వండి. మన సన్‌స్క్రీన్ వద్దు, చాలా వాటిలో నాకకూడని జింక్ ఆక్సైడ్ ఉంటుంది. నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీసి దాచుకోండి, రోజూ చూసే కంటికి తేడా తెలియదు. బొచ్చు తిరిగి వస్తోందని ఫోటో కంటే ముందు మన చెయ్యే చెబుతుంది. వీపు మీద తోక నుంచి మెడ వైపుకు ఎదురుగా అరచేయి పోనివ్వండి. కంటికి ఇంకా ఏమీ కనబడని రోజునే, గడ్డం గీసుకున్న మర్నాటి చెంపలా గరగరమని తగులుతుంది.